దండలు పడని శిల్పాలు: శాంతినికేతన్ ఆవరణలోని బహిరంగ కళ

సభాధ్యక్షులకు, సహాధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. విద్యాలయ ఆవరణల్లో ఆరుబయట కనిపించే కళ గురించి మాట్లాడమని నన్ను కోరినప్పుడు, దేశంలోని పది ఆవరణల పేర్లు వరుసగా చెప్పుకుంటూ పోవడం కంటే, ఒకే ఒక్క ఆవరణను నిదానంగా చూడడం మేలనిపించింది. అందుకు శాంతినికేతన్‌ను ఎంచుకున్నాను. వచ్చే నెల మీలో చాలామంది అక్కడికి అధ్యయన యాత్రకు వెళ్తున్నారు కనుక ఈ మాటలు కొంత అక్కరకు వస్తాయని కూడా అనుకుంటున్నాను.

మన కళాశాలల్లో శిల్పమంటే మనకు వెంటనే తట్టే రూపం ఒకటుంది. ముఖద్వారం ఎదుట ఎత్తైన దిమ్మె, దాని మీద సంస్థాపకుడిదో దేశనాయకుడిదో విగ్రహం, జయంతికీ వర్ధంతికీ దండ, మిగతా రోజుల్లో కాకులు. ఆ విగ్రహాలను నేను తక్కువ చేయడం లేదు. కృతజ్ఞత చూపడానికి వాటి అవసరం ఉంది. అయితే అవి ఆవరణలోకి బయటినుంచి వచ్చినవి. ఎక్కడో పోతపోయించి, లారీలో తెచ్చి, ప్రముఖుల చేత ఆవిష్కరింపజేసినవి. అక్కడ చదువుకునే విద్యార్థి చేయి వాటిమీద పడదు, అక్కడి మట్టి వాటిలో ఉండదు. శాంతినికేతన్‌లో దీనికి పూర్తిగా భిన్నమైన పని జరిగింది. అక్కడి శిల్పాలూ కుడ్యచిత్రాలూ పాఠం చెప్పే క్రమంలో, అక్కడే, ఆ నేలలో దొరికిన వస్తువులతో, గురువులూ శిష్యులూ కలిసి చేసినవి. వాటిలో ముఖ్యమైన వాటికి దండలు వేసే ఆచారం లేదు. దండ వేయడానికి అక్కడ నిలబడి ఉన్నది ఏ మహానుభావుడో కాదు, పని వెతుక్కుంటూ సామాను సర్దుకుని బయలుదేరిన ఒక సంథాల్ గిరిజన కుటుంబం.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో, బోల్పూర్ పట్టణం పక్కన ఉన్న బీడునేలను రవీంద్రనాథ్ ఠాగూర్ తండ్రి దేవేంద్రనాథ్ 1863లో తీసుకున్నారు. 1888లో ఆయన రాయించిన ధర్మనిధి పత్రంలో ఆ ఆశ్రమంలో విగ్రహారాధన జరగరాదన్న నిబంధన ఉంది. 1901లో రవీంద్రుడు అక్కడ పాఠశాల తెరిచారు. 1919లో చిత్ర, శిల్పకళలు నేర్పే కళాభవన్ మొదలైంది, 1921లో విశ్వభారతి ఏర్పడింది, 1951లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023 సెప్టెంబరులో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ తేదీల్లో నన్ను ఎక్కువగా ఆకర్షించేది 1888. విగ్రహాన్ని పూజించకూడదని రాసుకున్న నేల మీదే, యాభై ఏళ్లు తిరిగేసరికి, ఆధునిక భారతీయ శిల్పకళకు ఆరుబయటి తొలి గొప్ప రూపాలు లేచాయి. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా పూజకు వీలులేని చోట శిల్పం మరో పని వెతుక్కోవలసి వచ్చిందనీ, ఆ పని దొరకడం మన అదృష్టమనీ నేను భావిస్తాను.

ఆ పనికి దారి వేసినవారు చిత్రకారుడు నందలాల్ బోస్. 1920ల ఆరంభం నుంచి 1951 వరకు కళాభవన్‌ను నడిపిన ఆయనను విద్యార్థులు ‘మాస్టర్ మొషాయ్’ అని పిలిచేవారు. చట్రంలో బిగించి సంపన్నుల గదుల్లో వేలాడదీసే బొమ్మ ఒక్కటే కళ అన్న భావన ఆయనకు బొత్తిగా నచ్చేది కాదు. ముగ్గు, పండుగ వేదిక అలంకరణ, నాటకానికి తెర, గోడ మీది బొమ్మ, ఇవన్నీ ఆయన పాఠ్యప్రణాళికలో సమాన స్థానం పొందాయి. 1938లో హరిపుర కాంగ్రెస్ మహాసభ కోసం గాంధీజీ కోరిక మీద ఆయన గీసిన చిత్రాలను మీరు పుస్తకాల్లో చూసి ఉంటారు. డప్పు కొట్టేవాడు, బట్టలు కుట్టేవాడు, వంట చేసే ఇల్లాలు, ఇలా పల్లె బతుకుల బొమ్మలను సభకు నడిచి వచ్చే జనం దారిలో కనబడేటట్టు పెట్టారు. దారిన పోయేవాడే ప్రేక్షకుడన్న ఆ ఊహను ఆయన అప్పటికే శాంతినికేతన్‌లో చాలా ఏళ్లుగా సాధన చేస్తూ ఉన్నారు.

గోడల మీద బొమ్మలు వేయాలంటే ముందు గోడను తెలుసుకోవాలి. నందలాల్ జైపూర్ నుంచి నరసింగ్‌లాల్ అనే సంప్రదాయ చిత్రకారుణ్ణి పిలిపించి, తడి సున్నం మీద రంగు వేసి నునుపు తేల్చే రాజస్థానీ పద్ధతిని తామూ నేర్చుకుని విద్యార్థులకూ నేర్పించారు. ఒక ఆచార్యుడు తన శిష్యుల పక్కన కూర్చుని ఒక పనివాడి దగ్గర పాఠం నేర్చుకోవడం ఆ రోజుల్లో ఏ కళాశాలలోనూ సామాన్య విషయం కాదు, ఇప్పుడూ కాదు. ఈ దశలో వచ్చిన వాటిలో, శాంతినికేతన్‌కు ఆనుకుని గ్రామ పునర్నిర్మాణం కోసం ఏర్పడిన శ్రీనికేతన్‌లో, 1930లో నందలాల్ వేసిన ‘హలకర్షణ’ చిత్రం ముఖ్యమైనది. రవీంద్రుడు ఆరంభించిన దుక్కి పండుగ ఆ చిత్రానికి వస్తువు. మన ఏరువాక గుర్తుకు రాక మానదు. రైతుల కోసం పెట్టిన సంస్థ గోడ మీద నాగలిని, ఎద్దులను, పండుగకు కూడిన ఊరిని గీయడంలో ఎంత సహజమైన ఔచిత్యం ఉందో గమనించండి.

కళాభవన్ ఆవరణలోకి వస్తే మీ కంట మొదట పడవలసినది నల్ల ఇల్లు. బెంగాలీలో ‘కాలో బాడి’ అంటారు. 1930ల మధ్యలో విద్యార్థుల వసతి కోసం మట్టితో కట్టిన చిన్న ఇల్లు అది. దాని వెలుపలి గోడలనిండా మట్టితోనే ఉబ్బెత్తు బొమ్మలు మలిచి, వాన నుంచి కాపాడడానికి తారు పూశారు. అందువల్లనే ఆ నలుపు. నందలాల్, శిల్పి రామ్‌కింకర్ బైజ్, విద్యార్థులు అందరూ దానిమీద పనిచేశారు. భార్హుత్ స్తూపపు శిల్పాలను, మహాబలిపుర శిల్పాలను, ఈజిప్టు, అసీరియా రూపాలను చూసి మలిచిన పలకలు పక్కపక్కనే ఉంటాయి. కళాచరిత్ర పాఠాన్ని పుస్తకంలో చదివించడానికి బదులు విద్యార్థుల చేతుల్లో మట్టి పెట్టి వారు పడుకునే ఇంటి గోడకే అంటించమన్నారన్నమాట. ఆ పలకల్లో కొన్ని అద్భుతంగా ఉంటాయి, కొన్ని అంత బాగుండవు. నాకు ఆ రెండో రకమే ఎక్కువ ఇష్టం. అనుభవం చాలని చేయి చేసిన పనిని కూడా ఆచార్యుడి పని పక్కన ఉండనిచ్చిన గోడ అది.

ఈ మట్టి పని అప్పుడు కళాభవన్‌కే పరిమితం కాలేదు. 1935లో రవీంద్రుడి కోసం పైకప్పుతో సహా మట్టితోనే కట్టిన ‘శ్యామలి’ అనే ఇంటి గోడల మీద కూడా ఉబ్బెత్తు శిల్పాలున్నాయి. ద్వారం దగ్గర సంథాల్ స్త్రీ పురుషుల రూపాలు రామ్‌కింకర్‌వి. 1940లో శాంతినికేతన్‌కు వచ్చినప్పుడు గాంధీజీ, కస్తూర్బా ఆ ఇంట్లోనే బస చేశారు.

ఇక రామ్‌కింకర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఆయన 1906లో బాంకురాలో ఒక పేద క్షురక కుటుంబంలో పుట్టారు. చిన్ననాడు కుమ్మరుల, బొమ్మలు చేసేవారి పనిని దగ్గర నుంచి చూశారు, నాటకాలకు తెరలు గీశారు, స్వాతంత్ర్యోద్యమ నాయకుల బొమ్మలు వేశారు. పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ ఆయనలోని ప్రతిభను గుర్తించి 1925లో శాంతినికేతన్‌కు చేర్చారు. విద్యార్థిగా వచ్చిన మనిషి అక్కడే అధ్యాపకుడై జీవితమంతా ఉండిపోయారు. 1980లో మరణించారు.

ఆయన ఆరుబయట నిలిపిన తొలి పెద్ద శిల్పం ‘సుజాత’. 1935 నాటిది. సన్నగా, మనిషి కొలతలకు లొంగనంత పొడవుగా, నీలగిరి చెట్ల మధ్య తానూ ఒక చెట్టులా సాగిన స్త్రీరూపం. మొదట అది ఒక నడిచే యువతి రూపం మాత్రమేననీ, నందలాల్ సూచన మీద తలపై పాయసపాత్ర చేర్చాక, కొద్ది దూరంలోని బుద్ధ శిల్పం వైపు నైవేద్యం తీసుకువెళ్లే సుజాత అయిందనీ చెబుతారు. ఆ పాత్ర చేరడంతో రెండు శిల్పాల మధ్య ఉన్న ఖాళీ నేల కథలో భాగమైంది. మీరు ఆ దారిన నడిస్తే సుజాత నడవవలసిన దారినే నడుస్తారు. ఆ తరువాత రవీంద్రుడు రామ్‌కింకర్‌ను పిలిపించి, ఆశ్రమమంతా ఇలాంటి శిల్పాలతో నింపమన్నారని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మాటలు ఎలా ఉన్నా, ఆయన నింపిన మాట నిజం.

1938లో ‘సంథాల్ కుటుంబం’ వచ్చింది. దీన్ని భారతదేశంలో ఆరుబయట నిలిచిన తొలి ఆధునిక శిల్పాల్లో ఒకటిగా చాలామంది విమర్శకులు పరిగణిస్తారు. పురుషుడి భుజాన కావడి, కావడి బుట్టలో పసిబిడ్డ. పక్కనే తలమీద సామానుతో స్త్రీ. కాళ్ల దగ్గర వారితోపాటు కదులుతున్న కుక్క. ఒక కాపురం ఒక చోటి నుంచి మరో చోటికి పోతున్నది. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లే కుటుంబాలను రైల్వే ప్లాట్‌ఫారాల మీద చూసినవారికి ఆ దృశ్యాన్ని వివరించనక్కరలేదు. ఆ ముఖాల్లో దైన్యం కోసం వెతికితే మాత్రం మీకు దొరకదు. భుజాలు వెడల్పుగా, నడక నిబ్బరంగా, చూపు ముందుకే ఉంటుంది. జాలి పుట్టించే శిల్పం చేయడం సులువు. రామ్‌కింకర్ వారికి పురాణపురుషుల కొలతలిచ్చారు, దిమ్మెను మాత్రం తక్కువ ఎత్తులోనే ఉంచారు. నాకు తెలిసి మన దేశంలో ఒక విద్యాలయం తన ఆవరణ నడుమ, ఆ విద్యాలయంలో చదువుకునే అవకాశం లేని మనుషులను ఇంత నిండుగా నిలబెట్టడం అంతకుముందు జరగలేదు.

అది దేనితో తయారైందో చూద్దాం. కంచు కొనే డబ్బు లేదు, పాలరాయి మాట అసలే లేదు. బీర్భూమ్ నేల ఎర్రటి మొరం నేల. వానకు కోసుకుపోయి గట్లు గట్లుగా తేలిన ఆ భూమిని అక్కడ ‘ఖోయాయ్’ అంటారు. రామ్‌కింకర్ ముందు ఇనుప చువ్వలతో అస్థిపంజరంలాంటి చట్రం కట్టి, సిమెంటులో ఆ నేలలో దొరికే ఎర్ర గులకను కలిపి, ఆ ముద్దను చేత్తో చట్రం మీదికి విసిరి, అది గట్టిపడేలోగా అవసరమైన చోట చెక్కుతూ రూపం తేల్చేవారు. ఈ పద్ధతిలో వెనక్కి తగ్గే వీలు తక్కువ. సిమెంటు పట్టు బిగిసే లోపలే నిర్ణయం జరిగిపోవాలి. అందుకే ఆ శిల్పాల పైచర్మం గరుకుగా, విసిరిన చేతి వేగం ఇంకా అందులో నిలిచి ఉన్నట్టుగా ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ప్రతి గులకకూ ఒక చిన్న నీడ ఏర్పడి, శిల్పం నేల రంగులోకి తిరుగుతుంది. పేదరికం వల్ల ఎంచుకున్న పదార్థం ఆ శిల్పానికి అన్నివిధాలా తగినదైంది. ఆ కుటుంబాన్ని మెరిసే కంచులో ఊహించుకోండి, ఎక్కడో తేడా కొడుతుంది.

ఆ పక్కనే 1956 నాటి ‘మిల్లు పిలుపు’ ఉంది. బోల్పూర్ ప్రాంతంలోని బియ్యం మిల్లు కూత వినబడగానే పనికి పరుగెత్తుతున్న ఇద్దరు సంథాల్ స్త్రీలు, వెంట ఒక పిల్లవాడు. తడిసిన చీర ఆరేలోగా వెళ్లాలి, ఆగి ఆరబెట్టుకునే వ్యవధి లేదు, కాబట్టి గాలికి ఎగిరే చీరతోనే పరుగు. దాదాపు ఇరవై ఏళ్ల తేడాతో ఒకే శిల్పి, ఒకే జనం, ఒకే సిమెంటు గులక. కానీ మొదటి శిల్పంలో నడక, రెండోదాంట్లో పరుగు. మొదటిదాంట్లో బరువంతా నిలువుగా పాదాల్లోకి దిగుతుంది, రెండోదాంట్లో శరీరాలు ముందుకు వాలి గాలిని కోస్తాయి. ఆ మధ్యకాలంలో పల్లెకు కాలం ఎలా మారిందో, సూర్యుణ్ణి చూసి పనికిపోయిన మనిషి కూతను విని పనికి పోవడం ఎలా మొదలైందో ఈ రెంటినీ ఒకదాని తరువాత ఒకటి చూస్తే తెలుస్తుంది. చాలామంది సందర్శకులు మొదటిదానికే ఎక్కువ సమయం కేటాయిస్తారు. రెండోది శిల్పంగా మరింత సాహసమైనదని నా అభిప్రాయం. సిమెంటులాంటి బరువైన వస్తువును గాలిలో ఎగిరే బట్టగా మార్చడం మామూలు సంగతి కాదు. కుదిరితే దాని చుట్టూ పూర్తిగా తిరగండి, ముందునుంచి ఒక్క ఫొటో తీసుకుని కదిలిపోతే ఆ పరుగు మీకు సగమే అందుతుంది.

రామ్‌కింకర్ చేసిన వాటిలో, 1940 నాటి ‘దీపస్తంభం’ మన దేశంలోని తొలి అమూర్త శిల్పాల్లో ఒకటి. 1943 నాటి ధాన్యం కొట్టే రూపానికి తల లేదు. ఒళ్లంతా శ్రమగా మారిన దేహం అది. అది బెంగాల్ కరువు సంవత్సరమని మాత్రం గుర్తుంచుకోండి.

కుడ్యచిత్రాలకు తిరిగి వస్తే, బినోద్ బిహారీ ముఖర్జీని తలవకుండా ముందుకు పోలేం. 1904లో పుట్టిన ఆయనకు పుట్టుకతోనే ఒక కంట చూపు లేదు, రెండో కంటిలో హ్రస్వదృష్టి. 1946, 47 సంవత్సరాల్లో ఆయన హిందీభవన్ లోపలి మూడు గోడల పైభాగంలో మధ్యయుగ సంతుల జీవితాలను చిత్రించారు. రామానుజుడు, కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద సింగ్, వారి చుట్టూ నేత నేసేవారు, నీళ్లు మోసేవారు, యాత్రికులు, గుంపులు గుంపులుగా మనుషులు, కొండల్లో పుట్టి మైదానాల్లోకి పారే నదిలా గోడ వెంట సాగిపోతారు. ఇది పైకప్పు కింద ఉన్న పనే అయినా, ఆవరణకంతటికీ చెందినదే కనుక ఇక్కడ చెబుతున్నాను. తడి సున్నం మీద చిత్రించేవారు ఆ రోజు చేయదలచిన మేరకే సున్నం పూయించుకుని, అది ఆరేలోగా రంగు వేయాలి. ఆరిన తరువాత దిద్దుకోవడం కుదరదు. పరంజా మీద గోడకు జానెడు దూరంలో నిలబడి పని చేస్తున్నప్పుడు చూపు బాగున్న మనిషికే గోడ మొత్తం కనిపించదు. అలాంటిది ఆయన, గోడకు సరిపడే పెద్ద నమూనా ముందుగా గీసుకోకుండానే, ఆ ప్రవాహాన్ని మనసులో పట్టుకుని, ఏ రోజుకారోజు దింపుకుంటూ పోయారు. 1950ల్లో శస్త్రచికిత్స విఫలమై ఆయన పూర్తిగా అంధులయ్యారు. ఆ తరువాత కూడా, 1972లో, కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో ఒక పెద్ద చిత్రం చేశారు. చూపు లేని చిత్రకారుడని సానుభూతితో దాని ముందు నిలబడవద్దని నా మనవి. ఆ పలకల కూర్పును ముందు కూర్పుగానే చూడండి, జీవితకథ ఆ తరువాత చదువుకోవచ్చు.

హిందీభవన్ పనిలో ఆయనకు సాయం చేసిన విద్యార్థుల్లో ఒకరు కె.జి. సుబ్రమణ్యన్. కేరళలో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, 1944లో కళాభవన్‌లో చేరిన ఆయన తరువాత బరోడాలో ఎందరినో తీర్చిదిద్దారు. 1960ల్లో బరోడాలో ఆయన దగ్గర కుడ్యచిత్రం అభ్యసించినవారిలో మన ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన లక్ష్మాగౌడ్ ఒకరు. ఆయన తరువాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి బోధించారు. కాబట్టి ఈ గదిలో కూర్చున్న మీలో కొందరి గురువుల గురువుల చేతికి ఆ హిందీభవన్ సున్నం అంటి ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాదు. సుబ్రమణ్యన్ శాంతినికేతన్‌కు తిరిగి వచ్చాక కళాభవన్‌లోని డిజైన్ విభాగం భవనం వెలుపలి గోడలన్నిటినీ నలుపు తెలుపుల్లో చిత్రించారు. జంతువులు, పక్షులు, చెట్లు, దేవతలో మనుషులో తేల్చి చెప్పలేని రూపాలు కిటికీల చుట్టూ, మూలలు తిరుగుతూ అల్లుకుపోతాయి. వానకూ ఎండకూ ఆ రంగు మాసిపోతే, ఎనభై దాటిన వయసులో పరంజా ఎక్కి మళ్లీ చిత్రించారు. రెండోసారి వేసినప్పుడు మొదటి బొమ్మలను ఉన్నవున్నట్టు నకలు చేయాలన్న పట్టింపు ఆయనకు లేదు.

ఈ చివరి విషయం మనల్ని సంరక్షణ దగ్గరికి తీసుకువస్తుంది. మ్యూజియంలోని వస్తువుకు గాజు పెట్టె ఉంటుంది. ఆరుబయటి కళకు ఉండదు. నల్ల ఇంటి మట్టి గోడకు తారు ఎండి పొరలు లేస్తే మళ్లీ పూయాలి, చెద పట్టకుండా చూడాలి. ఒక మట్టి గోడను ప్రతి తరమూ మళ్లీ మళ్లీ ముట్టుకోక తప్పదు, అలా ముట్టుకున్న ప్రతిసారీ మొదటి చేతి గుర్తు కొంత చెరుగుతుంది. రామ్‌కింకర్ శిల్పాలది ఇంకా చిక్కైన సమస్య. సిమెంటులోని సన్నని పగుళ్ల గుండా తేమ లోపలి ఇనుముకు చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బిన ఇనుము సిమెంటును లోపలి నుంచి పగలగొడుతుంది. పాత కాంక్రీటు భవనాల స్లాబులు పెచ్చులూడడానికి కారణం కూడా ఇదే. మన ఇంటి స్లాబుకు చేసినట్టు ఊడిన చోట కొత్త సిమెంటు పూసేస్తే, ఆ విసిరిన చేతి వేగం ఆ మేరకు మాయమవుతుంది. పైన కప్పు వేస్తే వాన ఆగుతుంది, కానీ ఏటవాలు ఎండా ఆగుతుంది. ఆ ఎండ కోసమే, ఆ ఆకాశం ముందు నిలబడడానికే ఆ శిల్పాలు పుట్టాయి. అచ్చు తీసి కంచులో పోతపోసి లోపల దాచుకోవచ్చు, అది నమూనాగా పనికివస్తుంది, అంతకుమించి కాదు. శిల్పం నిలవడమే ముఖ్యమనే పక్షానికి నేను మొగ్గుతాను, అయితే కప్పు ఎత్తు, దాని అంచు ఎక్కడ ఆగాలి, ఏ గంటకు ఎండ ఎటు నుంచి పడుతుంది అన్న లెక్క వేయకుండా కప్పు వేయడాన్ని మాత్రం ఒప్పుకోను. శిల్ప విభాగం విద్యార్థులు ఈ లెక్కనే తమ యాత్రా నివేదికకు అంశంగా తీసుకోవచ్చు.

యాత్ర గురించి రెండు మాటలు. అక్కడ వారపు సెలవు బుధవారం, కనుక మీ ప్రయాణాన్ని ఆ రోజు తగలకుండా వేసుకోండి. అది చదువులు నడిచే చోటు. తరగతులు చెట్ల కింద జరుగుతుంటాయి, అనుమతి ముందుగా తీసుకోవాలి, శిల్పాల మీద చేయి వేయకూడదు. ఉదయం ఏడింటికి ‘సంథాల్ కుటుంబం’ దగ్గర ఒక బొమ్మ గీసుకుని, అదే చోట నిలబడి సాయంత్రం నాలుగింటికి మరొకటి గీయండి. రెండు బొమ్మలనూ తిరిగి వచ్చాక తరగతిలో గోడకు అంటించి పోల్చి చూద్దాం. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.